అరవై నాలుగో మెడ

ప్రొఫెసర్ అకిన్సోలా అరిచిన అరుపుకి, మూకుట్లో వడ వేయబోతున్న అవెరో చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

అవెరో అలసంద వడల పొయ్యి కొండమీది యూనివర్సిటీ ఆసుపత్రిలో, రికార్డుల గది కిటికీకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ముప్ఫయ్యేళ్ళుగా అక్కడే ఉంది. ఆ కిటికీలోంచి వచ్చే మాట ఏదైనా ముందు అవెరో చెవిన పడి, ఆ తర్వాతే లోకంలోకి పోవాలి.

"పదకొండు ఫైళ్ళు పోగొట్టావు! ఏడాది కష్టపడి రాస్తున్న పరిశోధన పేపరు నీ వల్ల నాశనమైపోయింది! నీ ఉద్యోగం ఊడబెరికించకపోతే నా పేరు అకిన్సోలా కాదు!"

ప్రొఫెసరంటే మాటలు కాదు. ఆయన నడుస్తుంటే వెనకాల ఆరుగురు చిన్న డాక్టర్లు బాతుపిల్లల్లా నడిచేవారు. ఆ ఆరుగురూ ఇప్పుడు గోడకి బల్లుల్లా అంటుకుపోయి ఉన్నారు. బల్లకి ఇవతల గుమాస్తా ఫెహింతోలా నిలబడి ఉంది. మనిషి పుల్లలా ఉంటుంది, తలగుడ్డ మాత్రం మనిషికి రెండింతలు. అంత తిట్టూ విని, పెద్దవాళ్ళకి చెయ్యాల్సిన మర్యాద ప్రకారం మోకాళ్ళు వంచి, "ఒక్క నిమిషం సార్" అని లోపలికి వెళ్ళింది.

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. అరలోంచి ఎవరు ఫైలు తీసినా ఆ చోట పసుపు అట్ట ఒకటి నిలబెట్టాలి. తీసిందెవరు, ఏ రోజు తీశారు, సంతకం. ఫైలు తిరిగొచ్చేదాకా ఆ అట్ట అక్కడే కాపలా ఉంటుంది. వేరే గుమాస్తాలు బద్ధకించినా ఫెహింతోలా ఏనాడూ బద్ధకించలేదు.

ఆవిడ పదకొండు అట్టలు తెచ్చి పేకముక్కలు పరిచినట్టు ఒక్కొక్కటే బల్లమీద పరిచింది.

"ఈ సంతకం ఎవరిది సార్? ఇదీ? ఇదెవరిది? ఈ ఏడోది కొంచెం వంకరగా ఉంది, ఆ రోజు మీకు తొందరనుకుంటా."

ప్రొఫెసర్ ఆ ఏడో అట్టని బోర్లా తిప్పేశాడు.

"మీ కారు ఎక్కడ పెట్టారు సార్?"

కారు వెనక డిక్కీ తెరిచేసరికి ఆసుపత్రిలో సగంమంది అక్కడే ఉన్నారు. అవెరో కూడా గరిటె చేత్తో పట్టుకునే వెళ్ళింది. అదనపు టైరు కింద పదకొండు ఫైళ్ళూ ఉన్నాయి. ఒకదానిమీద ఇంజనాయిలు మరక గుండ్రంగా, ముద్ర కొట్టినట్టు.

ఫెహింతోలా వాటిని లెక్కపెట్టుకుని గుండెకి ఆనించుకుంది. "ఈ గదిలోంచి ఫైలు పోదు సార్. మనుషులు పోతారు, ఫైలు పోదు" అంది, ఆ చివర నిలబడ్డ వార్డుబాయి దాకా వినపడేలా.

ఆ మధ్యాహ్నం ప్రొఫెసర్‌గారు అవెరో దగ్గర గంపెడు వడలు కొని, ఎవరికో పంపుతున్నట్టు మొహం పెట్టుకుని రికార్డుల బల్లమీద పెట్టిపోయాడు. తప్పైందని చెప్పడం చేతకాని మగాళ్ళకోసమే దేవుడు వడలు పుట్టించాడు.

అవెరో చదివింది రెండో తరగతి. అంకెలు వచ్చు, తన పేరు వచ్చు, అంతకుమించి నేర్పగలిగిన పంతులు ఆ ఊళ్ళో లేడని ఆవిడ నమ్మకం. కానీ ఆ కొండమీద డాక్టర్లు ఏం పరిశోధిస్తున్నారో, ఎందుకు పరిశోధిస్తున్నారో ఆవిడని అడిగితే వైస్ ఛాన్సలర్ కంటే బాగా చెప్పేది. ఆవిడ కొత్తగా పొయ్యి పెట్టినప్పుడు ఆసుపత్రి వెనక తెల్ల ఎలుకల ఇల్లు ఉండేది. పరాయి దేశాల నుంచి ఓడలమీద వచ్చిన గాజు యంత్రాలుండేవి. ఒక పేపరు రాయడానికి మూడేళ్ళు పట్టేది, కింద ఇద్దరి పేర్లుండేవి. అచ్చయి వస్తే పురిటిబిడ్డని చూపించినట్టు అందరికీ చూపించుకునేవారు.

తర్వాత దేశంలో నైరా డబ్బు విలువ పడిపోయింది. యంత్రంలో చిన్న మర విరిగితే దానికి బదులు మర రాలేదు. కరెంటు దాని ఇష్టం వచ్చినప్పుడు వచ్చేది. ఎలుకలు ముందు చిక్కాయి, ఆ తర్వాత మాయమయ్యాయి, వాటి కాపలాదారు ఇంటి పిల్లి మాత్రం బాగా ఒళ్ళు చేసింది. రక్తం దాచే ఫ్రిజ్‌లో నర్సులు మంచినీళ్ళ సీసాలు పెట్టుకున్నారు. పెద్ద డాక్టర్లు ఒక్కొక్కరే సౌదీకి పోయారు. మిగిలినవాళ్ళకి మాత్రం నియమం మారలేదు: ఇన్ని పేపర్లు అచ్చయితేనే పై మెట్టు, లేకపోతే ఉన్నచోటే ముసలివాడివి కా.

యంత్రం లేదు, మందు లేదు, ఎలుక లేదు. మరి ఏముంది? రోగుల ఫైళ్ళున్నాయి. చచ్చినవాళ్ళవీ, బతికినవాళ్ళవీ. ఇక అందరూ ఫెహింతోలా గది గుమ్మంలోనే. పదేళ్ళలో మన ఆసుపత్రికొచ్చిన విరిగిన తొడలెన్ని, పదేళ్ళలో కాలిన పిల్లలెంతమంది, పదేళ్ళలో పేగు మెలిపడ్డవాళ్ళెందరు. ప్రమోషన్ల కాలం వచ్చిందంటే ఆ గది ముందు పండగ ముందరి సంతలా ఉండేది. ఎవడు ఫెహింతోలాకి వడలు కొనిపెడుతున్నాడో చూసి, ఈ ఏడు ఎవడు పైకెక్కుతాడో అవెరో చెప్పేసేది.

ఏటా జరిగే సభలో గోడమీద ఒక గీత చూపించేవారు, ఏ ఏడు ఎన్ని పేపర్లు వచ్చాయో. ఆ గీత నిచ్చెనలా పైకే పోతుంటే జనం చప్పట్లు కొట్టేవారు.

"యంత్రాలున్నప్పుడు కూడా ఇన్ని పేపర్లు లేవు పెద్దమ్మా" అంది ఫెహింతోలా ఒకసారి, కిటికీ చువ్వల మధ్యనుంచి వడ అందుకుంటూ.

"పిండి తక్కువైనప్పుడు బాగా గిలక్కొట్టాలే పిల్లా. నురగకి గిన్నె నిండినట్టే ఉంటుంది."

"ఒక్కోదానికీ తొమ్మిదేసి పేర్లు."

"ఒక మేకకి తొమ్మిదిమంది కసాయివాళ్ళు. మేకని వెతికి పట్టుకొచ్చినదాని పేరు ఉందా?"

"చివర్లో వేస్తారుగా. రికార్డుల సిబ్బందికి కృతజ్ఞతలని."

"సిబ్బంది! పేరుపెట్టి పిలవడానికి నోళ్ళు పడిపోయాయి కాబోలు."

పేరంటే, ఫెహింతోలా అని ఆవిడని పిలిచింది డాక్టర్లే. తక్కినవాళ్ళందరికీ ఆవిడ మొరెనికె అమ్మ. ఒక్కతే కూతురు. మొగుడు ఉత్తరాదిన లారీ నడుపుతూ అక్కడే ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు, దాని గురించి ఈవిడ నోరెత్తలేదు, ఎవర్నీ ఎత్తనివ్వలేదు. మొరెనికె బడి వదలగానే కొండెక్కి వచ్చి, అవెరో బల్లమీద కూర్చుని, రెండు వడలు తిని, మూడోది దొంగిలించేది. "అమ్మే సొమ్ముకి కాళ్ళొచ్చాయే" అని అవెరో తిడితే, "కాళ్ళు కాదు అమ్మమ్మా, రెక్కలు" అనేది.

పంతొమ్మిదో ఏట ఆ పిల్లకి మెడమీద గడ్డ లేచింది. థైరాయిడ్ అన్నారు. చిన్న పని, కోసి తీసేస్తే మెడ మళ్ళీ జింక మెడలా ఉంటుందన్నారు. ఆ పిల్లకి టీచర్ల కాలేజీలో సీటొచ్చింది. పగడాల దండ వేసుకుని పోవాలని దాని కోరిక, గడ్డమీద దండ నిలవదు కదా. ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడు పొద్దున తల్లి వార్డుకి వెళ్ళి చూసి, నవ్వుతూ వచ్చి గదిలో పని చేసుకుంది. మధ్యాహ్నం రెండు దాటాక వార్డు నుంచి కబురొచ్చింది. కుట్ల లోపల రక్తం గడ్డకట్టి ఊపిరి గొట్టాన్ని నొక్కేసిందట. మంచం పక్కన కత్తెర ఉండి, ఎవరైనా ఆ క్షణంలో కుట్లు తెంపి ఉంటే పిల్ల బతికేదని తర్వాత హెడ్ నర్సే ఏడుస్తూ చెప్పింది. కత్తెర లేదు. ఆ గంటలో నర్సులు డ్యూటీ మారుతున్నారు.

ఆ ఊరివాళ్ళు యోరుబా జాతివాళ్ళు, వాళ్ళలో కన్నవాళ్ళు బిడ్డని పాతిపెట్టే చోటికి వెళ్ళకూడదు. మొయ్యకూడదు, చూడకూడదు, ఆ చోటెక్కడో అడక్కూడదు. బిడ్డ ముందు పోవడం తలకిందుల చావు, దానికి తల్లి కళ్ళు సాక్షిగా ఉండకూడదని పెద్దలు పెట్టిన కట్టుబాటు. ఫెహింతోలాని ఆడవాళ్ళు ఇంట్లో పట్టుకుని కూర్చున్నారు. చర్చి కుర్రాళ్ళు శవాన్ని తీసుకుపోయారు. వాళ్ళతో అవెరో వెళ్ళింది. ముసలివాళ్ళకీ ఆ కట్టుబాటు ఉంది, వెళ్ళకూడదనే అన్నారు. "గుడ్డ సరిగ్గా కప్పడం మీకెవరికి వచ్చురా?" అని అందర్నీ కసిరి వెళ్ళింది. పిల్ల కాళ్ళు బయటపడకుండా తెల్లగుడ్డ చుట్టూ దోపింది. ఆ చోటు ఎక్కడో, పక్కన ఏ చెట్టుందో అవెరోకి తెలుసు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఫెహింతోలా ప్రతి పొద్దున్నా కిటికీ దగ్గరికి వచ్చింది, అవెరో మొహంలోకి చూసింది, ఒక్కసారి కూడా అడగలేదు. అవెరో చెప్పలేదు. వాళ్ళిద్దరి మధ్య రోజూ వడలు చేతులు మారేవి, ఆ మాట మాత్రం మారకుండా ఉండిపోయేది.

ఆవిడ పనిలోకి తిరిగొచ్చిన రోజున ఎవరికీ ఏమని పిలవాలో తెలియలేదు. మొరెనికె అమ్మా అనడానికి నోరు రాలేదు, కొత్తగా ఫెహింతోలా అంటే అదో దెబ్బ. అందరూ "ఏవండీ", "ఇదిగో" అంటూ గోడలతో మాట్లాడినట్టు మాట్లాడారు. అవెరో మాత్రం మూకుడు దించి, ఎప్పటి గొంతుతోనే కిటికీలోకి కేకేసింది.

"మొరెనికె అమ్మా! వడలు చల్లారిపోతున్నాయి. నీకోసం మళ్ళీ పొయ్యి ముట్టించాలా?"

ఫెహింతోలా వచ్చి చువ్వలు పట్టుకుంది. చాలాసేపు పట్టుకునే ఉంది. తర్వాత వడ తీసుకుంది.

కొన్నాళ్ళకి అవెరో ఒకటి కనిపెట్టింది. అన్నాలవేళ గది ఖాళీ అయ్యాక ఫెహింతోలా కిటికీకి వీపు పెట్టి కూర్చుని ఒక ఫైలు చదువుతోంది. ప్రతి రోజూ అదే. అట్ట మూల కొంచెం చిరిగిన ఫైలు.

"ఏముందే అందులో అంతగా?"

ఫెహింతోలా తల తిప్పలేదు. "వినండి" అని చదివింది. "పొద్దున ఏడు గంటలు. రోగి హుషారుగా ఉంది. అలసంద వడ తినొచ్చా అని అడిగింది. ఇప్పుడు గంజి మాత్రమే అని చెప్పాము. నవ్వింది."

అవెరో గరిటె కింద పెట్టి చువ్వలకి దగ్గరగా వచ్చింది.

"పన్నెండున్నర. మెడ కట్టు బిగుతుగా ఉందంటోంది. డాక్టరుగారికి చెప్పాలి."

"చెప్పాలి అనా? చెప్పాము అని కాదా?"

"చెప్పాలి అనే ఉంది పెద్దమ్మా."

"ఆ తర్వాత?"

"తర్వాత రెండూ పది."

అవెరో పొయ్యిలో నీళ్ళు పోసింది. ఆ రోజు ఎవరు అడిగినా వడల్లేవంది. పళ్ళెం నిండా వడలుండగానే లేవంది.

మర్నాడు గట్టిగానే చెప్పింది. "దాన్ని దాని చోట పెట్టెయ్యవే. ఇలా ఒళ్ళో పెట్టుకుంటే ఏమొస్తుంది?"

"అందరికీ పోయి కూర్చోవడానికి ఇంత మట్టి ఉంటుంది. నాకేముంది? అది ఆఖరిసారి ఏమందో, నవ్విందో లేదో రాసున్నది ఇదొక్కటే. నేను వెళ్ళగలిగిన చోటు ఇదొక్కటే."

అవెరో ఒక వడ తీసి చువ్వల మధ్య పెట్టింది. 

అయితే ఫెహింతోలా ఫెహింతోలాయే. సొంత కూతురి ఫైలు తీసుకున్నా పద్ధతి తప్పలేదు. ఆ చోట పసుపు అట్ట పెట్టింది, తన పేరు రాసింది, తేదీ వేసింది, సంతకం పెట్టింది. దొంగతనం కూడా చీటీ రాసి చేసిన మనిషి. ఎవరైనా ఆ అర దగ్గరికి వెళ్ళి చూస్తే దొరికిపోయేది. కానీ ఆ గదిలో వెతికే మనిషే ఆవిడ అయినప్పుడు, ఇంకెవరు చూస్తారు?

నాలుగేళ్ళు గడిచాయి. మొరెనికెకి ఆపరేషన్ చేసిన డాక్టరు సౌదీ వెళ్ళిపోయాడు. వార్డులో నర్సులు మారారు. లాడాపో అని ఇంకో ఊరి నుంచి కుర్ర డాక్టరొచ్చాడు. బక్కపల్చటి మనిషి, మంచివాడు. రికార్డుల గదికి వస్తే గుమాస్తా అని చూడకుండా వంగి నేల తాకి దణ్ణం పెట్టేవాడు. అతను పదేళ్ళ థైరాయిడ్ ఆపరేషన్ల మీద పేపరు మొదలుపెట్టాడు.

ఫెహింతోలా వెతికి ఇచ్చింది. ఒక్కొక్క ఫైలూ దుమ్ము తుడిచి ఇచ్చింది. చివరికి అతను చేతిలో కాగితంతో బల్ల దగ్గరికొచ్చాడు.

"అమ్మా, ఆపరేషన్ థియేటర్ పుస్తకంలో అరవై నాలుగున్నాయి. నా దగ్గరికి అరవై మూడే వచ్చాయి. ఈ నంబరొకటి లేదు, చూస్తారా?"

కిటికీ బయట అవెరో విసనకర్ర ఆపింది.

ఫెహింతోలా లోపలికి వెళ్ళింది. ఆ అర దగ్గరే నిలబడి ఉంటుంది, తన పేరున్న అట్ట ముందు. బయటికొచ్చాక మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది.

"లేదు బాబూ."

"లేదా?"

"పోయినట్టుంది."

"సరే అమ్మా. మీరే లేదన్నారంటే ఇంక ప్రపంచంలో లేనట్టే" అని లాడాపో నవ్వి, పెన్సిలుతో ఏదో కొట్టేశాడు.

అప్పుడు అవెరో ఒక్క మాట అనొచ్చు. నోరు లేనిది కాదు. కానీ ఆ తల్లి చేతిలోంచి పిల్లని రెండోసారి ఎవరు లాక్కుంటారు? వంగి, పొయ్యి బాగానే మండుతున్నా ఊదుతూ కూర్చుంది.

పేపరు అచ్చయింది. లాడాపో మొదటి ప్రతి తెచ్చి రెండు చేతులతో ఫెహింతోలాకి ఇచ్చాడు. సిబ్బందికి అని కాదు, పూర్తి పేరుతో ఆవిడకి కృతజ్ఞతలు వేయించాడు. ఆ కొండమీద అంతకుముందు ఎవడూ చెయ్యని పని అది. చుట్టూ చేరిన కొత్త డాక్టర్లు చప్పట్లు కొట్టారు. పైన ఏముందో ఒకడు చదివి వినిపించాడు: అరవై నాలుగు ఆపరేషన్లలో ఒక ఫైలు దొరకలేదు, తక్కిన అరవై మూడింటిలో మరణం ఒక్కటీ లేదు. ఫెహింతోలా ఆ పుస్తకం పట్టుకుని, గుడిసె కాలుతుంటే చూస్తున్నదానిలా నిలబడింది. అందరూ సంతోషం ఎక్కువై మాట రాలేదనుకున్నారు.

పాత హెడ్ నర్సు అప్పటికి రిటైరయిపోయింది. పోతూ పోతూ ఒక అర్జీ పెట్టి పోయింది, మెడ ఆపరేషన్ అయిన ప్రతి మంచం పక్కనా కత్తెర ఉన్న పళ్ళెం ఒకటి ఉంచాలని. కొత్త హెడ్ నర్సు ఆ అర్జీ పైకి తెస్తే మీటింగులో ఈ పేపరే చూపించారట. పదేళ్ళలో ఒక్కరూ పోలేదు కదమ్మా, ఉన్న కత్తెరలు ప్రసూతి వార్డుకే చాలడం లేదు అన్నారట. ఆ నర్సే వడలు కొనుక్కుంటూ ఈ సంగతి అవెరోకి చెప్పింది. అవెరో ఆ సంగతి ఫెహింతోలాకి చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. వడ కాలితే పక్కన పడేస్తాం, మాట మాడిపోతే ఎక్కడ పడేస్తాం?

ఇంకో మూడేళ్ళకి అబిదెమి వచ్చింది. నీలిమందు అద్దకంవాళ్ళ అమ్మాయి. ఇరవై రెండేళ్ళు, మెడమీద అదే గడ్డ. లాడాపోయే ఆపరేషన్ చేశాడు, చక్కగా చేశాడు. మర్నాడు మధ్యాహ్నం వరండాలో ఎవరో పరిగెత్తారు. ఆ పరుగు చప్పుడు అవెరోకి ముందే తెలుసు. వడ తిప్పకుండా మాడబెట్టుకుంది.

సాయంత్రం లాడాపో వచ్చి అవెరో బల్లమీద కూలబడ్డాడు. పై కోటు కూడా విప్పలేదు.

"పెద్దమ్మా, కత్తెర కోసం పక్క వార్డుకి పరిగెత్తారు. తెచ్చేసరికి అయిపోయింది."

"నీళ్ళు తాగు నాయనా."

"ఇలా అవుతుందని పుస్తకాల్లో చదివాను. కానీ మన దగ్గర కాదనుకున్నాను. నా పేపర్లో ఎవరూ చావలేదు పెద్దమ్మా. పదేళ్ళూ నేనే చూశాను కదా, ఒక్కరూ చావలేదు."

కిటికీ లోపల ఫెహింతోలా నిలబడి ఉంది. ఆ మాట విన్నది. ఆవిడ విన్నదని అవెరోకి తెలుసు.

రెండు రోజుల తర్వాత అబిదెమి తల్లి చావుకాగితం కోసం ఆ కిటికీ దగ్గరికే వచ్చింది. మోచేతుల దాకా నీలం. ఆ నీలం చేతులతో చువ్వలు పట్టుకుని, చదువురానివాళ్ళు ఆఫీసుల్లో అడిగినట్టు భయంభయంగా అడిగింది.

"అమ్మా, మా పిల్ల సంగతంతా ఇక్కడ రాసి ఉంటుందటగా?"

"ఉంటుందమ్మా."

"అది పోదుగా? నేను దాని మట్టి దగ్గరికి పోకూడదు. ఇక్కడన్నా దాని పేరు ఉంటుందిగా?"

ఫెహింతోలా ఆ నీలం వేళ్ళమీద తన వేళ్ళు వేసింది. "పోదమ్మా. ఇక్కడ ఏదీ పోదు" అంది.

మర్నాటి నుంచి పనిలోకి రాలేదు. రిటైర్మెంటుకి ఇంకా నెలలున్నాయి. కాళ్ళు వాచాయన్నారు, గుండె అన్నారు. లాడాపో రెండుసార్లు ఇంటికెళ్ళి చూసి మందులిచ్చి వచ్చాడు. ఆవిడ అతని మొహంలోకి చూడటం లేదని, తనమీద కోపమేమోనని అవెరో దగ్గర బాధపడ్డాడు. రికార్డుల గదిలో కొత్త గుమాస్తా కుర్చీలో నిద్రపోయేవాడు, అట్టలు గుట్టగా నేలమీద పడుండేవి.

పదో రోజు పొద్దున అవెరో పొయ్యి ముట్టించలేదు. ఇంట్లోనే నాలుగు వడలు వేసి, గిన్నెలో గంజి పోసుకుని, కర్ర పట్టుకుని దిగువ వీధికి వెళ్ళింది.

ఫెహింతోలా గోడకి ఆనుకుని చాపమీద కూర్చుని ఉంది. తలగుడ్డ లేదు. ఆ తలగుడ్డ లేకుండా ఆవిడని అవెరో ఎప్పుడూ చూడలేదు, తల పిట్టగూడంత ఉంది.

"ఏమే, నీకోసం కొండ దిగొచ్చాను. ఎక్కేటప్పుడు నా మోకాళ్ళ శాపం నీకే. తిను."

రెండు చెంచాలు తాగింది. గిన్నె పక్కన పెట్టింది.

"మీరు వస్తారనే చూస్తున్నాను పెద్దమ్మా. ఒకటి అడగాలి. కాదనకండి."

 ఏడేళ్ళుగా భయపడుతున్న మాట వచ్చేసిందనుకుంది అవెరో. ఆ చోటు అడుగుతుంది. ఏ చెట్టు పక్కనో అడుగుతుంది. చెప్పకూడదు. ముందే చేతులు అడ్డంగా ఊపింది.

"అదొక్కటి అడక్కు తల్లీ. నా నోటితో చెప్పించకు."

"అది కాదు. అది నాకొద్దు." ఫెహింతోలా బట్టల పెట్టె దగ్గరికి లాక్కుంది. పండగ గుడ్డల అడుగునుంచి మూల చిరిగిన ఫైలు తీసింది. ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్ల వీపు నిమిరినట్టు ఒకసారి నిమిరింది. "ఆ నీలం చేతులు నాకు కళ్ళముందు నుంచి పోవడం లేదు. నా పిల్లని నేను దాచుకుంటే, వాళ్ళ పిల్ల పోయింది."

"నువ్వు చంపావా? కత్తెర లేనిది వాళ్ళ దగ్గర. రాసి ఊరుకున్నది ఆ నర్సు."

"కత్తెర పెట్టమని చెప్పడానికి ఇది ఉండాల్సింది. పన్నెండున్నరకి కట్టు బిగుతుగా ఉందని చెప్పింది నా కూతురు. అది చెప్పిన మాట. దాని నోరు నేనే నొక్కి పెట్టెలో పెట్టాను."

అవెరో కొంగుతో మొహం తుడుచుకుంది. నిజం చెబితే కసరడం ఆవిడకి అలవాటు, ఇప్పుడు కసరడానికి ఏమీ మిగల్లేదు. కత్తెరల మీటింగు సంగతి ఇప్పుడూ ఆవిడ బయటపెట్టలేదు.

"తెలిస్తే నీ పేరు ఏమవుతుందో ఆలోచించావా? అకిన్సోలా చేత డిక్కీ తెరిపించినదానివి. ఆ కొండమీద వాళ్ళంతా నవ్వుతారే."

"నవ్వనీండి."

"అయితే నీ కాళ్ళు తగ్గనీ. నువ్వే తీసుకుపోయి ఇద్దువుగాని. నేను తోడొస్తాను."

ఫెహింతోలా తల అడ్డంగా ఊపింది. "తల్లి మొయ్యకూడదుగా పెద్దమ్మా."

 వీధిలో ఎవరో నూనె అమ్ముకుంటూ అరుచుకుంటూ పోయారు. అవెరో లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"నేను మాత్రం? ముసలిదాన్ని. నేనూ మొయ్యకూడదనే అంటారు."

"ఒకసారి మోశారుగా. గుడ్డ మీరే కప్పారని నాకు తెలుసు. ఎవరూ చెప్పలేదు, మీ మొహం చూస్తే తెలిసింది."

ఫైలుని తెల్లగుడ్డలో చుట్టింది. అంచులు జాగ్రత్తగా లోపలికి దోపింది. రెండు చేతులతో ఎత్తి అవెరో ఒళ్ళో పెట్టింది. పెట్టిన చేతులు వెంటనే తియ్యలేదు.

"లోపలికి వెళ్ళండి. మూడో వరస, కిందినుంచి రెండో అర. అంకెలు మీకు వచ్చుగా. ఈ ఫైలు నంబరు చోట పసుపు అట్ట ఉంటుంది, దాని మీద నా పేరుంటుంది. అట్ట తీసి ఇది పెట్టండి. నెమ్మదిగా పెట్టండి, మూల చిరిగి ఉంది. తర్వాత ఆ అట్ట పట్టుకుపోయి లాడాపో బల్లమీద పెట్టండి. అరవై మూడు కాదు బాబూ, అరవై నాలుగు అని చెప్పండి. ఫైలు పోలేదు, ఎవరు తీశారో అట్టమీద ఉందని చెప్పండి. చెవిలో చెప్పకండి పెద్దమ్మా. ఆ రోజు నేను ప్రొఫెసర్‌తో అన్నట్టు, ఆ చివర నిలబడ్డ వార్డుబాయికి కూడా వినపడేలా చెప్పండి."